ఆగిపోయిన కథకు మూడు గంటల ముగింపు: ‘ఫార్‌స్కేప్’ చెప్పే సంగతులు

2003 మార్చి 21 రాత్రి అమెరికాలో సై-ఫై ఛానల్‌లో ‘ఫార్‌స్కేప్’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్ వచ్చింది. ఆఖరి దృశ్యంలో నీటి మధ్య ఒక చిన్న పడవ. అందులో భూమి నుంచి దారి తప్పి వచ్చిన వ్యోమగామి జాన్ క్రైటన్, అతను ప్రేమించిన ఎయిరిన్ సన్. పుట్టబోయే బిడ్డ తనదేనని అతనికి తెలిసింది, పెళ్లికి ఆమె సరేనంది. అంతలో పైనుంచి ఎవరిదో తెలియని వాహనం వచ్చి వాళ్ల మీద కాల్చింది. ఇద్దరూ స్ఫటికాల్లా పగిలి ముక్కలై రాలిపోయారు. తెర మీద ‘ఇంకా ఉంది’ అని పడింది.

నిజానికి ఇంకేమీ లేదు. సీరియల్‌ని కొనసాగించబోమని ఛానల్ 2002 సెప్టెంబర్‌లోనే చెప్పేసింది. ఆ ఎపిసోడ్ పేరు ‘బ్యాడ్ టైమింగ్’. ఇంతకంటే తగిన పేరు కావాలని పెట్టినా కుదిరేది కాదు.

పంతొమ్మిది నెలల తర్వాత, 2004 అక్టోబర్ 17, 18 తేదీల్లో, అదే ఛానల్‌లో రెండు రాత్రులపాటు ‘ఫార్‌స్కేప్: ది పీస్‌కీపర్ వార్స్’ అనే మినీసిరీస్ వచ్చింది. 2005 జనవరిలో లయన్స్‌గేట్ దాన్ని డీవీడీగా అమెరికా మార్కెట్‌లోకి తెచ్చింది. ప్రకటనలు తీసేస్తే సుమారు మూడు గంటలు. 88 ఎపిసోడ్లు నడిచి మధ్యలో తెగిపోయిన కథ ఆ మూడు గంటల్లో ముగిసింది.

అభిమానులు పోరాడి గెలిచారు అని ఈ సంగతిని ఒక్క ముక్కలో చెప్పేయడం మామూలు. అందులో నిజం లేకపోలేదు. కానీ దాని వెనకున్న లెక్క అంతకంటే ఆసక్తిగా ఉంటుంది. కథను ఆపేసిన ఛానల్‌కి ముగింపుతో పనిలేదు. ముగింపు అవసరమైంది ఆ కథను పెట్టెల్లో పెట్టి అమ్ముకోవాల్సినవాళ్లకి. (కథ మొత్తం ఇక్కడ బయటపడుతుంది. ఇంకా చూడనివాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవాలి.)

ముందుగా సీరియల్ గురించి కొంచెం. దీని సృష్టికర్త రాక్నీ ఓబానన్. నిర్మించింది జిమ్ హెన్సన్ కంపెనీ, హాల్‌మార్క్ ఎంటర్‌టైన్‌మెంట్. బొమ్మల కార్యక్రమాలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న కుటుంబం హెన్సన్‌లది. షూటింగ్ అంతా ఆస్ట్రేలియాలో, సిడ్నీలో. 1999 మార్చిలో ప్రసారం మొదలైంది. కొత్త వాహనాన్ని పరీక్షిస్తున్న క్రైటన్ ఒక వార్మ్‌హోల్‌లో (విశ్వంలో దూరపు చోట్లని కలిపే సొరంగం లాంటిది) పడి విశ్వంలో ఎక్కడో తేలతాడు. జైలు నుంచి తప్పించుకుంటున్న ఖైదీల ఓడ అతన్ని లోపలికి లాక్కుంటుంది. ఆ ఓడ పేరు మోయా. అది లోహంతో కట్టిన యంత్రం కాదు, ప్రాణమున్న జీవి. దాన్ని నడిపే పైలట్ ఒక పెద్ద బొమ్మ. పదవి పోగొట్టుకున్న రాజు రైజెల్ చిన్న బొమ్మ. బొమ్మలంటే పిల్లల కార్యక్రమమే అనుకునేవాళ్లకి ఇది షాక్. ఇందులో హింస ఉంది, శృంగారం ఉంది, చిత్రహింసలు పడిన మనిషి మనసు ఎలా చెదిరిపోతుందో సీజన్ల తరబడి చూపించే ఓపిక ఉంది. విలన్ స్కార్పియస్ నాటిన చిప్ వల్ల క్రైటన్ తలలో అతని నకలు ఒకటి కాపురం పెడుతుంది. క్రైటన్ దానికి హార్వీ అని పేరు పెట్టి, దానితో కబుర్లు కూడా చెబుతుంటాడు. ఇంత వింతని ఇంత సీరియస్‌గా తీసుకున్న సీరియల్ ఆ రోజుల్లో ఇంకొకటి లేదనే చెప్పాలి.

ఈ గుణమే వ్యాపారంలో దోషమైంది. ప్రతి వారం కథ ఆ వారమే అయిపోయే సీరియల్‌ని ఎవరైనా ఎప్పుడైనా చూడటం మొదలుపెట్టొచ్చు. ‘ఫార్‌స్కేప్’ అలా కాదు. మూడో సీజన్‌లో క్రైటన్ ఇద్దరవుతాడు. ఇద్దరిలో ఎవరూ నకిలీ కాదు. ఒకడు ఎయిరిన్ చేతుల్లో చనిపోతాడు. మిగిలినవాణ్ని చూస్తే ఆమెకి చనిపోయినవాడే గుర్తొస్తాడు. ముందు రెండు సీజన్లూ చూడనివాళ్లకి ఇందులో ఏం అర్థమవుతుంది? పాత ప్రేక్షకులు తగ్గుతున్నా కొత్తవాళ్లు వచ్చి చేరలేరు. పైగా వేషాలు, బొమ్మలు, గ్రాఫిక్స్ కలిసి ఖర్చు బాగా ఎక్కువ.

2001లో ఛానల్ ఒకేసారి నాలుగు, ఐదు సీజన్లకి ఒప్పుకుంది. రచయితలు ఆ భరోసాతోనే కథ అల్లారు. నాలుగో సీజన్‌ని ఐదోదానికి మెట్టులా కట్టారు. అయితే ఐదో సీజన్ నుంచి తప్పుకునే వీలు ఛానల్ చేతిలో ఉండనే ఉంది. ఖర్చుకు తగ్గ రేటింగ్ రావడం లేదన్న కారణంతో దాన్ని వాడుకుంది. ఆ కబురు అందేసరికి చివరి ఎపిసోడ్ల పని నడుస్తోంది. కథను అప్పటికప్పుడు మలిచి ఏదో ఒక ముగింపు ఇవ్వకుండా ఆ పగిలిన ముక్కల దగ్గరే వదిలేశారు. దాన్ని మొండితనం అనొచ్చు, పందెం అని కూడా అనొచ్చు. ఎందుకంటే తృప్తిగా ముగిసిపోయిన కథ కోసం ఎవరూ ఉత్తరాలు రాయరు.

రాశారు కూడా. ఉత్తరాలు, ఫోన్లు, ఈమెయిళ్లు, సొంత డబ్బుతో ప్రకటనలు. అమెరికన్ టీవీలో ఇది కొత్త కాదు. 1968లో ‘స్టార్ ట్రెక్’ని ఆపబోతున్నారన్నప్పుడు అభిమానుల ఉత్తరాలు వెల్లువెత్తాయి, దానికి మూడో సీజన్ దక్కింది. తేడా ఏమిటంటే, 2002 నాటికి అభిమానులు ఇంటర్‌నెట్‌లో ఒకచోట చేరి ఉన్నారు. కబురు తెలిసిన గంటల్లోనే కార్యాచరణ మొదలుపెట్టగలిగారు. అయినా ఛానల్ మనసు మారలేదు. ఐదో సీజన్ రాలేదు.

ఇక్కడ ఛానల్‌ని తిట్టేసి ఊరుకుంటే లాభం లేదు, దాని లెక్క దానికి ఉంది. ఛానల్ ఒక సీరియల్‌కి లైసెన్స్ ఫీజు కడుతుంది, ప్రకటనలు అమ్మి ఆ డబ్బు రాబట్టుకుంటుంది. నిర్మాణానికయ్యే ఖర్చు ఆ ఫీజు కంటే ఎక్కువే ఉంటుంది. తక్కువ పడిన మొత్తాన్ని నిర్మాతలు విదేశీ ప్రసార హక్కులు, పునఃప్రసారాలు, వీడియో అమ్మకాల్లో వెతుక్కుంటారు. అంటే ఛానల్ ఆదాయం ఈ వారం ఎంతమంది చూశారన్న దాని మీద ఆధారపడితే, నిర్మాత ఆదాయం రాబోయే పదేళ్లలో ఎంతమంది కొంటారన్న దాని మీద. ఆపేయాలని నిర్ణయించుకున్న కథకి మంచి ముగింపు ఇవ్వడం వల్ల ఛానల్‌కి ఒక్క ప్రకటన కూడా పెరగదు. తెలుగు సీరియళ్లు చూసేవాళ్లకి ఇది వేరేగా చెప్పక్కర్లేదు. టీఆర్‌పీ పడిపోయిందంటే వెయ్యి ఎపిసోడ్లుగా పగబట్టిన అత్త రెండు వారాల్లో మంచిదైపోతుంది, తప్పిపోయిన కొడుకు హాస్పిటల్‌లో దొరుకుతాడు, గ్రూప్ ఫొటోతో శుభం పడుతుంది. అక్కడ కనీసం శుభం కార్డైనా పడుతుంది. అమెరికాలో అదీ లేకుండా పోయిన కథలు చాలానే ఉన్నాయి.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే డీవీడీ ఈ లెక్కని తలకిందులు చేసింది. అంతకుముందు వీడియో క్యాసెట్ల మీద ఒక సీజన్ మొత్తం అమ్మాలంటే అరలు అరలు నిండిపోయేవి. సన్నటి డిస్కుల్లో ఇరవై రెండు ఎపిసోడ్లు ఒకే పెట్టెలో పట్టాయి. 2000లో ‘ది ఎక్స్-ఫైల్స్’ మొదటి సీజన్ పెట్టె వచ్చాక సీజన్లకి సీజన్లు కొనుక్కునే అలవాటు పెరిగింది. ‘ఫార్‌స్కేప్’ లాంటి గొలుసుకట్టు కథకి ఇది వరమే. టీవీలో దోషంగా కనిపించిన గుణం పెట్టెలో బలమైంది. మొదటి డిస్క్ నుంచి చూసుకుంటూ వెళ్లేవాడికి ఏ ఎపిసోడూ తప్పిపోదు, ప్రకటనలు ఉండవు, వారం రోజులు ఆగాల్సిన పని ఉండదు.

అలా చూసేవాడికే అసలు చిక్కు కూడా. నాలుగు సీజన్ల పెట్టెలూ కొనాలా వద్దా అని ఆలోచించేవాడు ముందు అడిగేది, కథ పూర్తయిందా అని. హీరో హీరోయిన్ ముక్కలైపోయి ‘ఇంకా ఉంది’ అనే దగ్గర ఆగిపోయిన సీరియల్‌ని ఎంతమందికి సిఫార్సు చేయగలం? చివరి మూడు గంటలు లేకపోవడం ముందున్న 88 ఎపిసోడ్ల విలువనూ తగ్గిస్తుంది. కాబట్టి ఆ మూడు గంటలకి పెట్టిన ఖర్చు వాటి అమ్మకంలోనే తిరిగి రావాలని లేదు. మొత్తం కథను అమ్ముడుపోయే సరుకుగా నిలబెట్టినా గిట్టుబాటే.

హెన్సన్ కంపెనీ పరిస్థితి కూడా అప్పుడే మారింది. 2000లో దాన్ని ఈఎం.టీవీ అనే జర్మన్ కంపెనీ 68 కోట్ల డాలర్లకి కొనుక్కుని, తర్వాత అప్పుల్లో కూరుకుపోయింది. 2003లో హెన్సన్ కుటుంబమే 8.4 కోట్ల డాలర్లకి కంపెనీని తిరిగి సొంతం చేసుకుంది. అమ్మిన ధరలో ఎనిమిదో వంతుకి కూడా తక్కువే. అదే ఏడాది చివర్లో సిడ్నీలో మినీసిరీస్ షూటింగ్ మొదలైంది. డబ్బు ఛానల్ నుంచి కాక బయటి పెట్టుబడిదారుల నుంచి వచ్చింది. దర్శకుడు బ్రయాన్ హెన్సన్. రాసింది ఓబానన్, డేవిడ్ కెంపర్. సీరియల్‌ని మొదలుపెట్టినవాళ్లు, నడిపించినవాళ్లు కలిసి ముగించారన్నమాట.

మరి ఆపేసిన ఛానలే దాన్ని ఎందుకు ప్రసారం చేసింది? మినీసిరీస్ వేరే రకం సరుకు కాబట్టి. 2000లో ‘డ్యూన్’, 2002లో స్పీల్‌బర్గ్ పేరుతో వచ్చిన ‘టేకెన్’, 2003 డిసెంబర్‌లో ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’, ఇలా ఏడాది చివర్లో ఒక పెద్ద మినీసిరీస్ వేసి హడావుడి చేయడం సై-ఫైకి అప్పటికే అలవాటు. ఐదో సీజన్ అంటే ఏడాదంతా బాధ్యత. మినీసిరీస్ అంటే రెండు రాత్రుల పండగ. అభిమానుల ఆందోళన తెచ్చిన పేరంతా దీనికి ఉచిత ప్రచారంగా పనికొచ్చింది.

ఇక కథలోకి వస్తే, ఇరవై రెండు ఎపిసోడ్లలో సాగాల్సింది మూడు గంటల్లోకి ఎలా కుదించారు అన్నదే చూడాల్సిన విషయం. ముందు పగిలిన ముక్కల సంగతి తేల్చాలి. నీళ్లలో పడ్డ ముక్కల్ని రైజెల్ ఈది ఈది ఏరుకొస్తాడు, ఇద్దర్నీ మళ్లీ అతికిస్తారు. తిండిపోతు రైజెల్ ఏ ముక్కనీ వదలలేదు గానీ, ఈ గందరగోళంలో ఎయిరిన్ కడుపులోని బిడ్డ అతని కడుపులోకి చేరిపోతుంది! ఏడాదిన్నర పాటు అభిమానులకి నిద్ర లేకుండా చేసిన ఉత్కంఠని ఇంత వెటకారంగా, కొద్ది నిమిషాల్లో విప్పేయడం ఈ సీరియల్‌కే చెల్లింది. అంతే తొందరగా ఆ ముచ్చట పక్కకు జరిగి యుద్ధం మొదలవుతుంది.

యుద్ధం స్కారన్లకీ, పీస్‌కీపర్లకీ. మొదటివాళ్లు బల్లుల లాంటి సామ్రాజ్యవాదులు. రెండోవాళ్లు మనుషుల్లా కనిపించే సైనిక జాతి, ఎయిరిన్ వాళ్లలో పుట్టి పెరిగినదే. వార్మ్‌హోల్ ఆయుధం రహస్యం క్రైటన్ బుర్రలో ఉంది. రెండు పక్షాలకీ అదే కావాలి. నాలుగు సీజన్లుగా అతను దాన్ని ఎవరి చేతికీ చిక్కకుండా కాపాడుకుంటూ వచ్చాడు. చివరికి తనే బయటికి తీస్తాడు. ఆ ఆయుధం ఒకసారి మొదలైతే ఆగదు. సుడిగుండంలా పెరుగుతూ ఓడల్నీ గ్రహాన్నీ మింగేస్తుంది, వదిలేస్తే విశ్వాన్నీ మింగుతుంది. యుద్ధం ఆపుతారా, అందరం కలిసి పోదామా అని క్రైటన్ రెండు పక్షాల్నీ అడుగుతాడు. హీరో ఆయుధం పేల్చి గెలవడం మనకు అలవాటైన దృశ్యం. ఇక్కడ హీరో ఆయుధం పేల్చి, అది గెలుపు ఇవ్వలేని వస్తువని చూపిస్తాడు. అణ్వాయుధాల బెదిరింపుతో నిలబడే శాంతి ఎంత అసహ్యంగా ఉంటుందో ఇంత నేరుగా చూపించిన వినోద కార్యక్రమాలు తక్కువ. శాంతి ఒప్పందం మీద సంతకాలు పడతాయి. సంతకం పెట్టినవాళ్ల ముఖాల్లో సంతోషం ఉండదు, భయం ఉంటుంది.

తక్కువ సమయమే ఇక్కడ మేలు చేసింది. క్రైటన్ చుట్టూ అల్లుకున్న ప్రశ్న ఒక్కటే: ఇంటికెళ్లాలనుకున్నవాడు, చేతిలో ప్రళయం పెట్టుకుని ఎలా బతుకుతాడు? రచయితలు దాన్ని పట్టుకుని మిగతావన్నీ దాని చుట్టూ తిప్పారు. ఎయిరిన్ ప్రసవం సరిగ్గా యుద్ధం మధ్యలో, కాల్పుల నడుమ, ఒక ఫౌంటెన్‌లో జరుగుతుంది. పెళ్లి కూడా అక్కడే. ఎయిరిన్ పుట్టిన సెబేషియన్ జాతి సైనికుల గర్భం చాలా వేగంగా నిండుతుందని చెప్పడం ఇక్కడ అక్కరకొచ్చింది. కావాలని పెట్టుకున్న వీలో, అనుకోకుండా దొరికిన వీలో గానీ, మూడు గంటల కథకి నెలల గర్భం కుదరదు కదా.

నష్టం ఎక్కడ జరిగిందో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగో సీజన్‌లో వచ్చిన సికోజు అనే పాత్ర స్కారన్ల గూఢచారి అని తేలడం అలాంటి చోటు. సీజన్‌లో అయితే ఈ ద్రోహానికి నాలుగైదు ఎపిసోడ్ల నేపథ్యం ఉండేది, స్కార్పియస్‌తో ఆమె బంధం తెగిన నొప్పి తెలిసేది. ఇక్కడ ఒక మాటలో తెలిసిపోతుంది, అంతే. జూల్ మరణం మరీ అన్యాయం. ఒక సీజన్ పైగా మనతో ఉన్న పాత్ర, స్కారన్ల దాడిలో పోతుంది, ఏడవడానికి కూడా ఎవరికీ తీరిక ఉండదు. శాంతిని మనసుల్లో నింపగల ఐడెలాన్లు అనే ప్రాచీన జాతి కథా అంతే. వాళ్ల శక్తి కథని ముందుకు తోసే సాధనంగా మిగిలిపోయింది గానీ, ఆ జాతి మీద మనకు ఆసక్తి పుట్టేంత చోటు దొరకలేదు.

డార్గో మరణం మాత్రం వేరు. మొదటి ఎపిసోడ్ నుంచీ ఉన్న యోధుడు, క్రైటన్‌కి అన్నలాంటివాడు. తీవ్రంగా గాయపడి, మిగతావాళ్లు తప్పించుకోవడం కోసం వెనకే ఉండిపోతాడు. ఇది పనిచేయడానికి మినీసిరీస్‌లో ప్రత్యేకంగా చేసిందేమీ లేదు, 88 ఎపిసోడ్లు ముందే చేసిపెట్టాయి. పాత కథ పునాదిగా ఉన్న దృశ్యాలు నిలబడ్డాయి, కొత్తగా పునాది వేయాల్సిన దృశ్యాలు కుంగాయి. ఈ మినీసిరీస్ బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. అందుకే దీన్ని విడిగా సినిమాలా చూద్దామనుకునేవాళ్లకి ఇది అరుపుల గోల. మొదటి నుంచీ చూసినవాళ్లకి తీరిన బాకీ.

ఆయుధాన్ని ఆపి కోమాలోకి వెళ్లిన క్రైటన్‌ పక్కన ఎయిరిన్ పసిబిడ్డని పెడుతుంది. అతను కళ్లు తెరుస్తాడు. వార్మ్‌హోల్ జ్ఞానం అతని బుర్రలోంచి పోయింది. హార్వీ కూడా సెలవు తీసుకున్నాడు. బిడ్డకి డార్గో అని పేరు పెడతారు. భూమికి వెళ్లే దారి శాశ్వతంగా మూసుకుపోయిన మనిషి, కొడుక్కి నక్షత్రాల్ని చూపిస్తూ ఆగుతాడు. ఇంటికెళ్లే కథ ఇంటికెళ్లకుండా ముగియడం నిజాయితీ గల ముగింపే.

ఈ దారిలో తర్వాత చాలామంది నడిచారు. 2002లో ఫాక్స్ ఆపేసిన ‘ఫైర్‌ఫ్లై’ డీవీడీలు బాగా అమ్ముడుపోవడం 2005లో ‘సెరినిటీ’ సినిమాకి ఊతమైంది. ‘స్టార్‌గేట్ ఎస్‌జీ-1’ పది సీజన్ల తర్వాత ఆగిపోతే, మిగిలిన ఓరై అనే శత్రువుల కథని 2008లో ‘ది ఆర్క్ ఆఫ్ ట్రూత్’ పేరుతో నేరుగా డీవీడీలోనే ముగించారు. (ఆ సీరియల్ చివరి రెండు సీజన్లలో హీరో బెన్ బ్రౌడర్, అతని పక్కన క్లాడియా బ్లాక్. అంటే క్రైటన్, ఎయిరిన్‌లే.) 2007లో ‘ఫ్యూచరామా’ నాలుగు డీవీడీ సినిమాలుగా తిరిగి రావడం మొదలైంది. ఇవన్నీ ఐదారేళ్ల వ్యవధిలో జరగడం యాదృచ్ఛికం కాదు. డిస్క్ అమ్మకాలు మంచి ఊపులో ఉన్న కాలం అది. ఊపు తగ్గాక అదే స్టార్‌గేట్ కుటుంబంలోని ‘అట్లాంటిస్’కి అనుకున్న సినిమా తీయనే లేదు. ‘యూనివర్స్’ 2011లో రెండు సీజన్లకే మధ్యలో ఆగిపోయి అలాగే ఉండిపోయింది. కథలో లోపం వల్ల కాదు, ముగింపుకి డబ్బు పెట్టే అర ఖాళీ అయినందువల్ల.

డిస్కులకి వాటి తలనొప్పులూ ఉండేవి. డీవీడీలకి ప్రాంతాల వారీగా తాళం ఉండేది: అమెరికా డిస్క్ రీజియన్ 1, మన దేశానిది రీజియన్ 5. 2000ల్లో అమెరికాలో చదువుకునో ఉద్యోగం చేసుకునో తిరిగొచ్చిన తెలుగువాళ్లు తెచ్చుకున్న పెట్టెలు ఇక్కడి మామూలు ప్లేయర్‌లో ఆడేవి కావు. మల్టీ రీజియన్ ప్లేయర్ కావాలి, లేదా కంప్యూటర్‌తో కుస్తీ పట్టాలి.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి హక్కులది. సీరియల్‌ని అమెరికాలో మొదట ఏడీవీ ఫిల్మ్స్ డీవీడీలుగా అమ్మింది. మినీసిరీస్ మాత్రం లయన్స్‌గేట్ చేతిలో పడింది. 2009లో ఏ అండ్ ఈ సంస్థ సీరియల్ హక్కులు తీసుకుని ‘కంప్లీట్ సిరీస్’ అని ఒకే పెట్టెలో తెచ్చింది. అందులో నాలుగు సీజన్లూ ఉన్నాయి, మినీసిరీస్ లేదు. పూర్తి సీరియల్ అని రాసి ఉన్న పెట్టె కొన్నవాడికి కథ పడవలో పగిలిన ముక్కల దగ్గరే ఆగేది. ముగింపు కావాలంటే ఇంకో కంపెనీ డిస్క్ విడిగా కొనుక్కోవాలి.